‘నచ్చకపోతే మానేయొచ్చుగా’ అనేవారికి

సంపాదకులకు నమస్కారం.

పెద్ద టెక్నాలజీ కంపెనీల పద్ధతుల మీద ఆన్‌లైన్‌లో వాదన ఎక్కడ మొదలైనా, నాలుగు మాటలు నడిచేసరికి ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: ‘‘అంత ఇబ్బందైతే వాడటం మానేయొచ్చుగా! నిన్నెవరైనా బలవంతపెట్టారా?’’ ఆ దెబ్బతో అవతలివాడి నోరు పడిపోతుంది. నిజమే, మెడ మీద కత్తి పెట్టి ఎవరూ వాడించడం లేదు కదా అనిపిస్తుంది. ఈ మాట మీద నాకు చాలాకాలంగా కడుపులో మంట ఉంది. మీ పేజీలో కాస్త చోటిస్తే వెళ్లగక్కుకుంటాను.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో 31 ఏళ్లు పనిచేసి రిటైరైన వాణ్ణి. లైన్లు కలపడం, తెంపడం, చెడితే బాగుచేయడం, ఇదే నా ఉద్యోగం. కనెక్షన్ వద్దని కాగితం వస్తే, వైర్లన్నీ వచ్చి చేరే ఎండీఎఫ్ చట్రం దగ్గరికి వెళ్లి ఆ నంబరు తాలూకు జంపర్ వైరు పీకేస్తే అయిపోయేది. కలపడానికి ఎంతసేపో తెంపడానికీ అంతే. (డిపాజిట్ వాపసు రావడానికి జనం ఎన్నిసార్లు తిరిగేవారో నాకు తెలుసు. ఆ విషయంలో మేమూ తక్కువ తినలేదు.)

అలాంటివాడికి ఈ ఏడాది ‘మానేయడం’ అంటే ఏమిటో బాగా తెలిసొచ్చింది.

పన్నెండేళ్లుగా నా ఫోనులో తీసిన ఫొటోలన్నీ ఒక కంపెనీ క్లౌడ్‌లోకి వెళ్తున్నాయి. పేరు రాయను. మొదట్లో అంతా ఉచితం. తర్వాత ఒకరోజు ‘స్టోరేజీ నిండిపోయింది’ అని ఎర్రగీత వచ్చింది. మెయిల్ కూడా ఆగిపోతుందని భయపెట్టింది. సరేనని నెలనెలా చందా కట్టడం మొదలుపెట్టాను. ఆ చందా ఈ ఏడాది మళ్లీ పెరిగింది. ఆన్‌లైన్ పెద్దల సలహా పాటించి మానేద్దామనుకున్నాను.

చేరినప్పుడు ఒక్కసారి వేలు పెట్టి నొక్కితే సరిపోయింది. నా ఫొటోలు నాకిచ్చేయండి అని అడగడానికి సెట్టింగ్స్‌లో ఒకదాని కింద ఒకటి ఐదు మెట్లు దిగాలి. అడిగిన రెండు రోజులకు మెయిల్ వచ్చింది. 41 జిప్ ఫైళ్లు. లింకు వారం రోజులే పనిచేస్తుందని కింద సన్నటి అక్షరాలు. పదిహేడో ఫైలు మూడుసార్లు సగంలో ఆగింది. మొత్తానికి అన్నీ దించి విప్పి చూస్తే ప్రతి ఫొటో మీదా ఒకటే తేదీ. నేను డౌన్‌లోడ్ చేసిన రోజు! అసలు తేదీ ప్రతి ఫొటో పక్కన విడిగా ఇంకో చిన్న ఫైలులో ఉంది. అదీ మనుషులు చదివే తేదీ కాదు, పదంకెల సంఖ్య. 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చిన సెకన్లట. 1419తో మొదలైతే 2014 డిసెంబరు ఆఖరు రోజుల్లో తీసిందని మా మేనల్లుడు చెప్పేదాకా నాకు తెలియదు.

మా ఆవిడ పోయి నాలుగేళ్లయింది. రైలు కిటికీ పక్కన నవ్వుతున్న ఆవిడ, ఆస్పత్రి మంచం మీది ఆవిడ, అంతకు కొన్నేళ్ల ముందు జుట్టు నల్లగా ఉన్న ఆవిడ, అందరూ ఒకే మంగళవారం నాడు తీసిన ఫొటోల్లా వరుసగా కూర్చున్నారు. కంప్యూటర్ కట్టేసి లేచిపోయాను.

ఇది నా ఒక్కడి గోల అయితే ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ప్రైమ్ సభ్యత్వం రద్దు చేసుకోవడాన్ని అమెజాన్ కావాలనే కష్టం చేసిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 జూన్‌లో దావా వేసింది. బయటపడాలంటే నాలుగు పేజీలు, ఆరు క్లిక్కులు, పదిహేను ఆప్షన్లు దాటాలని అందులో ఉంది. ఆ తతంగానికి కంపెనీలో లోపల పెట్టుకున్న పేరు ‘ఇలియడ్’. పదేళ్ల ట్రాయ్ యుద్ధం మీద గ్రీకులు పాడుకున్న ఆ సుదీర్ఘ కావ్యం పేరే. తమాషాకి పెట్టారో ఏమో గానీ, పెట్టినవాడికి తను ఏం కడుతున్నాడో బాగా తెలుసు. 2025 సెప్టెంబరులో తప్పు ఒప్పుకోకుండానే కంపెనీ 250 కోట్ల డాలర్లకు రాజీ పడింది. అందులో 150 కోట్లు వాడకందారులకు తిరిగిచ్చేందుకే.

‘మానేయొచ్చుగా’ అనేవాళ్లకు నాదొక ప్రశ్న. జనం తమకు నచ్చిందే ఎంచుకుంటున్నారని ఆ కంపెనీలైనా నమ్ముతున్నాయా? కొత్త ఫోనులో, బ్రౌజర్‌లో సెర్చ్ పెట్టె తెరిస్తే ముందుగా తనే ఉండేందుకు గూగుల్ ఒక్క 2021లోనే 2,630 కోట్ల డాలర్లు ఇతర కంపెనీలకు చెల్లించిందని అమెరికా కోర్టులో తేలింది. సెర్చ్‌లో గూగుల్ గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా కాపాడుకుందని న్యాయమూర్తి అమిత్ మెహతా 2024 ఆగస్టులో తీర్పిచ్చారు. వాళ్ల సెర్చ్ బాగుంటుంది, కాదనను. నేనూ అదే వాడతాను. కానీ సెట్టింగ్ మార్చుకోవడం నిజంగా ఒక్క క్లిక్కు పనే అయితే, జనం ఆ క్లిక్కు చేయకుండా ఉండటానికి అంత డబ్బు ఎందుకు పోసినట్టు? మన బద్ధకానికి ధర ఎంతో మనకు తెలియదు గానీ వాళ్లకు పైసాతో సహా తెలుసు.

ఇంకో రకం చిక్కు ఉంది. అది మా వృత్తివాళ్లకు చప్పున అర్థమవుతుంది. నా పాత సహోద్యోగులు 140 మంది ఒక మెసేజింగ్ యాప్‌లో గ్రూపు పెట్టుకున్నారు. పెన్షన్ కబుర్లు, మోకాళ్ల నొప్పులు, ఎవరు పోయారు, ఎవరికి మనవరాలు పుట్టింది, అన్నీ అందులోనే. నేనొక్కణ్ణే యాప్ తీసేస్తే కంపెనీకి వెంట్రుక కూడా ఊడదు. నాకు మాత్రం ఆ 140 మందీ పోతారు. ‘‘వాళ్లందరినీ ఇంకో యాప్‌లోకి తీసుకురా’’ అని సలహా ఇస్తారు. ఎనభై ఏళ్ల మా సూపర్‌వైజర్ గారిని కొత్త యాప్‌లోకి మార్చడం మీరొకసారి ప్రయత్నించి చూడండి. ఓటీపీ దగ్గరే సాయంత్రం అవుతుంది.

ఇది టెలిఫోన్ పుట్టిననాటి గొడవే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో ఒకే పట్నంలో రెండు ఫోను కంపెనీలు ఉండేవి, ఒకదాని లైను ఇంకోదానికి కలిసేది కాదు. వ్యాపారులు రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టుకునేవారు. ఇవాళ మన ఫోనులో మూడు మెసేజింగ్ యాప్‌లు ఉన్నట్టే. 1913లో ప్రభుత్వ ఒత్తిడికి తలొగ్గి, అక్కడి అతిపెద్ద ఫోను కంపెనీ ఏటీ అండ్ టీ చిన్న కంపెనీలను తన దూరప్రాంతపు లైన్లకు కలుపుకోవడానికి ఒప్పుకుంది. నచ్చనివాళ్లు ఫోను మానేయండని ఎవరూ తీర్మానించలేదు. వైర్లు కలపమన్నారు.

అదే ఏటీ అండ్ టీ కథ ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. మాట్లాడేటప్పుడు పక్కవాళ్లకు వినపడకుండా ఫోను మౌత్‌పీస్‌కు తగిలించుకునే కప్పులాంటి తొడుగు ఒకటి ‘హష్-ఎ-ఫోన్’ అనే పేరుతో అమ్మేవారు. బయటి వస్తువు తగిలిస్తే సర్వీసు దెబ్బతింటుందని కంపెనీ దాన్ని అడ్డుకుంది. ఒట్టి తొడుగుకి! దానికి వైరూ లేదు, కరెంటూ లేదు. నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ కూడా కంపెనీ మాటే విన్నది. చివరికి 1956లో అప్పీలు కోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. 1968లో, ఫోను లైనుకు రేడియోను కలిపే ‘కార్టర్‌ఫోన్’ అనే పరికరం మీద నడిచిన కేసులో, నెట్‌వర్క్‌కు హాని చేయని పరికరం ఎవరిదైనా తగిలించుకోవచ్చని ఎఫ్‌సీసీయే చెప్పింది. ఆన్సరింగ్ మెషీన్లు, ఫ్యాక్సులు, మోడెమ్‌లు ఆ దారిలోనే ఇళ్లలోకి వచ్చాయి. ఇప్పుడు ఇంటర్నెట్‌లో కూర్చుని కంపెనీల తరఫున వాదించేవాళ్లు ఈ సంగతి ఒకసారి గుర్తుచేసుకుంటే బాగుంటుంది.

భద్రత సంగతేమిటి అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఎవడో తగిలించిన చవక ఫోను వల్ల లైను షార్ట్ అయి, వానలో స్తంభాలెక్కి రాత్రంతా ఫాల్టు వెతికిన వాణ్ణి నేను. ఏదిపడితే అది తగిలించనివ్వమని అనను. దానికి మా రోజుల్లోనే మందుంది: పరికరాన్ని పరీక్షించి, పాసైతే అనుమతి ఇవ్వడం. భద్రత పేరు చెప్పి తలుపుకు తాళం వేసి, తాళంచెవి తనే అమ్ముకుంటానంటేనే అనుమానం వస్తుంది. యాప్ స్టోర్ వ్యవహారం చూడండి. బయట కొనుక్కునే దారి ఉందని యాప్‌లో చెప్పనివ్వాలని 2021లో న్యాయమూర్తి ఇవాన్ గొంజాలెజ్ రోజర్స్ ఆపిల్‌ను ఆదేశించారు. ఆపిల్ సరేనంటూనే, అలా బయట కొన్నదాని మీద కూడా 27 శాతం దాకా కమిషన్ వేసింది. ఆ లింకు నొక్కినవాళ్లకు చూపించే హెచ్చరికలో ఏ మాట వాడితే జనం జంకుతారో ఉద్యోగులు చర్చించుకున్న సంగతి కూడా కోర్టులో బయటపడింది. కంపెనీ కావాలనే తన ఉత్తర్వును ఉల్లంఘించిందని 2025 ఏప్రిల్‌లో ఆమె తేల్చారు.

ఒక్కటి మాత్రం నా వైపు వాళ్లకు చెప్పాలి. ‘అన్ని కంపెనీలూ దొంగలే, అన్నిటినీ ముక్కలు చెయ్యాలి’ అని ఊగిపోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌లను కొనేసినందుకు ఫేస్‌బుక్ కంపెనీ మెటాపై నడిచిన కేసు 2025 నవంబరులో వీగిపోయింది. ఇవాళ్టి మార్కెట్లో మెటాకు గుత్తాధిపత్యం ఉందని ప్రభుత్వం నిరూపించలేకపోయిందని న్యాయమూర్తి అన్నారు. ఆ తీర్పుతో నాకు పేచీ లేదు. మ్యాపు లేకుండా నేను కొత్త చోటికి వెళ్లలేను. వీడియో కాల్ లేకపోతే నా మనవడు పాకడం మొదలుపెట్టింది నేను చూసేవాణ్ణి కాదు. కంపెనీ ఎంత పెద్దదన్నది నాకు రెండో సంగతి. వెళ్తానన్నవాణ్ణి వాడి సామానుతో సహా వెళ్లనిస్తుందా లేదా అన్నదే నా పట్టింపు.

ఇది కుదరని పని కాదు. మొబైల్ నంబరు మార్చకుండా కంపెనీ మారే వీలు కల్పించమన్నప్పుడు అమెరికా కంపెనీలు ఖర్చన్నాయి, కోర్టుకెక్కాయి. 2003 నవంబరులో అది వచ్చేసింది, ఆకాశం ఊడిపడలేదు. ఈమెయిల్ చూడండి: ఏ కంపెనీ ఖాతా నుంచి ఏ కంపెనీ ఖాతాకైనా ఉత్తరం వెళ్తుంది, అదేమీ గొప్పగా ఎవరికీ అనిపించదు. యూరప్‌లో డిజిటల్ మార్కెట్స్ చట్టం 2024 మార్చి నుంచి పెద్ద కంపెనీలకు వర్తిస్తోంది. కోరిన వేరే మెసేజింగ్ సర్వీసులతో కలుపుకోవాలని, వాడకందారు తన డేటా తీసుకెళ్లేలా వీలివ్వాలని అందులో ఉంది. మా సూపర్‌వైజర్ గారు ఉన్న యాప్‌లోనే ఉండి, నేను ఇంకో యాప్ నుంచి ఆయనకు ‘గుడ్ మార్నింగ్’ పెట్టే రోజు రావాలి. ఆయన రోజూ పెట్టే పూల బొమ్మలు నాకు రాకుండా పోయినా పర్లేదు.

నా ఫొటోల సంగతి చెప్పి ముగిస్తాను. మేనల్లుడు ఒక ఆదివారమంతా కూర్చుని చిన్న ప్రోగ్రాం రాశాడు. దానితో చాలావాటికి అసలు తేదీలు తిరిగొచ్చాయి. 1,140 ఫొటోలకు పక్కనుండాల్సిన ఫైలే రాలేదు. వాటిని నేనే ఒక్కొక్కటీ క్లౌడ్‌లో తెరిచి, తేదీ చూసి, పేరు మార్చుకుంటున్నాను. రోజుకు ముప్పైకి మించి కళ్లు సహకరించడం లేదు. అవి పూర్తయ్యేదాకా ఖాతా ఉండాలి కాబట్టి ఈ నెల చందా కూడా కట్టేశాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టెలిఫోన్ ఉద్యోగి