మద్రాసు దగ్గర, మైపాడు దూరం

సంపాదకులు గారికి నమస్కారం.

నెల్లూరులో ఉండేవాళ్లకు మద్రాసు దగ్గర, మైపాడు బీచ్ దూరం. కిలోమీటర్లు చూస్తే మద్రాసు 175 దాకా ఉంటుంది, మైపాడు 25కి అటూ ఇటూ, అది నాకూ తెలుసు. నేను చెప్పేది, రాత్రి అనుకుని పొద్దున్నే చేతిసంచీతో బయటపడాలంటే ఏది సులువు అని. మొన్న సెలవుల్లో మేం అలాగే రాత్రికి రాత్రి అనుకుని మద్రాసు పోయి, పాటల కచేరీ విని, సముద్రంలో మునిగి, థీమ్ పార్కులో పిల్లలు చాలు అనేదాకా తిరిగి వచ్చాం. వచ్చినప్పటి నుంచీ చుట్టాలందరిదీ ఒకటే మాట, ముందూ వెనకా చూడకుండా అంత ఖర్చు ఏంటి, సముద్రం ఇక్కడ లేదా అని. ఉంది. ఆ ఉన్న సముద్రం గురించే ఈ ఉత్తరం, కాకపోతే మద్రాసు సంగతి ముందు చెప్పకపోతే మైపాడు సంగతి ఎందుకు చెబుతున్నానో మీకు అర్థం కాదు.

ఒంగోలులో ఉండే మా ఆడబిడ్డ, ఆమె స్నేహితులు కలిసి సినిమా పాటల కచేరీకి టికెట్లు కొనుక్కున్నారు. వాళ్లలో కొందరికి పనులు పడి టికెట్లు మిగిలిపోయాయి. శుక్రవారం రాత్రి భోజనాల వేళ ఫోన్ చేసి, "వదినా, వస్తారా లేదా, లేకపోతే ఇంకెవరికన్నా ఇచ్చేస్తా" అంది. మా వారు కాసేపు గొణిగి, తర్వాత ఆయనే అటక మీద నుంచి బ్యాగు దించారు. పిల్లలైతే బీచ్ అని ఒకరు, పార్కు అని ఒకరు, కచేరీ మాటే ఎత్తలేదు. సరే మూడూ చూసొద్దాం అన్నాం.

రిజర్వేషన్ ఆశ పెట్టుకోలేదు. రైల్వేవాళ్లు 2024 నవంబరు నుంచి 120 రోజుల గడువును 60 రోజులకు తగ్గించారు గానీ రేపు పొద్దున్నే పోవాలనుకునేవాళ్లకు రెండూ ఒకటే. ఫోన్లో జనరల్ టికెట్ తీసుకుని పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కాం, నిలబడీ కూర్చునీ మధ్యాహ్నానికి సెంట్రల్లో దిగాం. బస్సులో పోదామనుకునేవాళ్లకు ఒక మాట, 2018 నుంచి ఆంధ్రా బస్సులకు మాధవరం స్టాండే. అది ఊరికి ఉత్తరం కొస. పార్కులు, బీచ్‌లు, ఈమధ్య పెద్ద కచేరీలు జరిగే మైదానాలు చాలావరకు ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) వైపు, అంటే దక్షిణం కొస. పిల్లల్ని, సామాన్లను వేసుకుని మద్రాసు మొత్తం అడ్డంగా దాటాలి. సెంట్రల్లో దిగితే రోడ్డుకు అవతల పార్క్ టౌన్ స్టేషన్ ఉంది, అక్కడ లోకల్ ఎక్కి తిరువాన్మియూరులో దిగితే ఈసీఆర్ మొదట్లో ఉన్నట్టే. ఇదంతా మాకు ఎవరూ చెప్పలేదు, రైల్లో మా ఎదురు సీటు పెద్దాయన చెప్పారు, ఆయనది కావలి.

కచేరీ అంటే నాకు లోపల కాస్త టెన్షన్‌గానే ఉండింది. 2023 సెప్టెంబరులో అదే ఈసీఆర్ మీద పనైయూరులో రెహమాన్ గారి కచేరీ రోజు ఏం జరిగిందో మీ పేపర్లోనూ వచ్చే ఉంటుంది. చేతిలో టికెట్ ఉన్నవాళ్లే లోపలికి పోలేక వెనక్కి తిరిగారు, తోపులాటలో ఆడవాళ్లు, పిల్లలు నలిగిపోయారు, టికెట్ కాపీలు పంపండి అని చివరికి ఆ కళాకారుడే జనాన్ని అడగాల్సి వచ్చింది. అందుకని మేం బాగా ముందే పోయి కూర్చున్నాం. మాది అంత ఘోరం కాలేదు. కానీ గేటు దగ్గర పిల్లల నీళ్ల సీసాలు పారేయించి, లోపల అవే నీళ్లు మూడింతల రేటుకు అమ్మారు. ఆడవాళ్లకు పెట్టిన టాయిలెట్లు ఎన్ని తక్కువంటే, లైన్లో నిలబడ్డవాళ్లు రెండు మూడు పాటలు అక్కడే వినేశారు. మా సీట్ల నుంచి గాయకుడు బొటనవేలంత కనపడ్డాడు, స్క్రీనే దిక్కు.

అయినా పాట మొదలయ్యాక అవన్నీ మర్చిపోయాను. పాత బాణీ ఒకటి ఎత్తుకోగానే చుట్టూ జనం తమిళంలో, మా వరుస తెలుగులో, ఒకేసారి గొంతెత్తాం, పక్కనున్న తమిళావిడ నావైపు తిరిగి నవ్వింది, నేనూ నవ్వాను, తర్వాత ఆమె మా పాపకు మురుకులు పెట్టింది (ఆవిడ గేటు దగ్గర ఎలా దాటించిందో!). మా వారికి పాటలంటే పెద్ద పిచ్చేమీ లేదు. ఆయన లేచి నిలబడి చప్పట్లు కొట్టడం పెళ్లయ్యాక అదే మొదటిసారి చూశాను. ఇంటి హాల్లో టీవీ ముందు ఇది రాదు, ఎంత పెద్ద టీవీ పెట్టినా రాదు.

రాత్రి కచేరీ అయిపోయేసరికి క్యాబ్ రేట్లు ఆకాశంలో ఉన్నాయి. మేం గది ఆ చుట్టుపక్కలే తీసుకున్నాం కాబట్టి నడిచి పోయాం. ఎవరైనా ఇలా పోవాలనుకుంటే గది మాత్రం కచేరీ జరిగే వైపే చూసుకోండి, స్టేషన్ దగ్గర చవకగా దొరుకుతుంది కదా అని అక్కడ తీసుకుంటే మిగిలిన డబ్బు ఆ రాత్రే ఆటోకు పోతుంది.

మర్నాడు తెల్లవారుతూనే కోవళం బీచ్, కేరళలోది కాదు, మద్రాసు దగ్గరిదే. దీనికి 2021లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. డెన్మార్క్‌లోని ఒక సంస్థ ఇచ్చే గుర్తింపు ఇది, నీళ్ల శుభ్రత, చెత్త, భద్రత, టాయిలెట్లు, ఇలా 33 ప్రమాణాలు ఉంటాయి, తనిఖీలు ఉంటాయి. మన రాష్ట్రానికి దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరం ఉంటే ఆ జెండా ఒక్క రుషికొండ మీదే ఉంది. నాకు జెండా మీద మోజు లేదు. నేను చూసింది బట్టలు మార్చుకునే గది. గడియ పడే తలుపు, తగిలించుకోవడానికి కొక్కెం, బయట ఉప్పునీళ్లు కడుక్కునే షవరు, అంతే. ఎత్తు మంచె మీద ఒక మనిషి ఈల పట్టుకుని కూర్చున్నాడు, మా అబ్బాయి నడుము లోతు దాటగానే ఈల ఊది వెనక్కి రమ్మన్నాడు. వాడికి కోపం వచ్చింది, నాకు ప్రాణం లేచొచ్చింది. సముద్రం దగ్గర ఆడవాళ్లు చీర కొంగు బిగించుకుని గట్టు మీద చెప్పులకు, ఫోన్లకు కాపలా కూర్చోవడం మన దగ్గర మామూలే కదా, ఆ రోజు నేనూ మా ఆడబిడ్డా తలమునకలా తడిశాం. బయటికి వచ్చాక తడి బట్టలతో ఎక్కడికి పోవాలి అనే ఆలోచన లేకపోతే సముద్రం ఇంకోలా ఉంటుంది.

థీమ్ పార్కు సంగతి ఎక్కువ చెప్పను. ఆ వైపు వీజీపీ, ఎంజీఎం లాంటివి మా చిన్నప్పటి నుంచీ ఉన్నవే, 2025 డిసెంబరులో తిరుప్పోరూరు దగ్గర వండర్‌లా కూడా తెరిచారు. మేం దేనికి పోయామో రాయడం లేదు, ఎందుకంటే ఒక ఫిర్యాదు ఉంది. ఎక్కువ డబ్బు కట్టినవాళ్లకు వేరే లైను, మిగతావాళ్లు ఎండలో. గంటసేపు నిలబడ్డ పిల్లల కళ్ల ముందే పక్క లైను వాళ్లు నవ్వుకుంటూ పోయి ఎక్కేస్తుంటే వాళ్లకు ఏం చెప్పాలి? పోయేవాళ్లు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. పెద్ద రైడ్లకు చాలాచోట్ల 140 సెంటీమీటర్ల ఎత్తు అడుగుతారు, కర్ర పెట్టి కొలుస్తారు, పిల్లల్ని ఇంట్లోనే గోడకు నిలబెట్టి కొలుచుకుని పోతే అక్కడ ఏడుపులుండవు. నీళ్లలోకి నైలాన్ బట్టలతోనే దిగనిస్తారు, కాటన్ చుడీదార్ పనికిరాదు, లోపల కొంటే రేటు ఎక్కువ. శనాదివారాల్లో టికెట్ ధర వేరు, కుదిరితే సోమవారం పోవడం మేలు. పొద్దున్న పార్కు తలుపులు తీసేటప్పటికే అక్కడుండాలి, మధ్యాహ్నం దాటితే ఏ రైడ్ దగ్గర చూసినా తిరునాళ్లే.

ఇక మన సంగతి.

మద్రాసు మోజు దిగకముందే, ఒక ఆదివారం సాయంత్రం, సరే మన సముద్రానికీ అలాగే పోదాం అని పిల్లలే అడిగారు. మైపాడు పోయాం. ఇసుక ఎంత బాగుందో, జనం ఎంత తక్కువో, అలల దగ్గర నిలబడితే కాళ్ల కింద ఇసుక జారిపోతుంటే ఎంత హాయిగా ఉంటుందో చూడండి, మెరీనా దీని ముందు ఏ మూలకూ రాదు, ఇది నేను నెల్లూరుదాన్ని కాబట్టి అనడం లేదు. కానీ మేం పోయిన రోజు ఆడవాళ్ల టాయిలెట్‌కు తాళం. తాళం ఎవరి దగ్గర ఉందో అంగళ్లవాళ్లకూ తెలియదు. రూమ్ తీసుకున్నవాళ్లకు ఇబ్బంది ఉండకపోవచ్చు, సాయంత్రం వచ్చి రాత్రికి పోయేవాళ్ల గతేంటి? మా పాప తడిసిన గౌను దుప్పటి చాటున మార్చాం. నీళ్లలోకి దిగినవాళ్లను చూసేవాళ్లు ఆ సాయంత్రం ఎవరూ కనపడలేదు. బస్సుకు పోయిన మేం చీకటి పడుతుందనగా బస్సు కోసం చూసి చూసి చివరికి ఆటో మాట్లాడుకున్నాం, ఆయన అడిగినంత ఇచ్చాం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద పల్లెవెలుగులో ఆడవాళ్లకు టికెట్ లేదు, చాలా సంతోషం, నేనూ రోజూ వాడుకుంటున్నాను. అయితే ఆ ఉచితం బస్సు వస్తేనే కదా. మా ఆడబిడ్డను అడిగితే ఒంగోలు నుంచి కొత్తపట్నం బీచ్‌కు పోయినా ఇదే వరస అంది, సొంత బండి ఉన్నవాళ్లకే సముద్రం అంది.

నీళ్లలోకి దిగినవాళ్లను చూసేవాళ్లు లేకపోవడం చిన్న విషయం కాదు. తీరంలో కొన్నిచోట్ల ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ ఒక సన్నటి దారి పట్టి జోరుగా వెనక్కి లోపలికి పోతాయి, చూడ్డానికి అక్కడ అలలు తక్కువగా ఉండి ప్రశాంతంగా కనిపిస్తుంది, తెలియనివాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. ఆ లాగుడులో పడితే ఒడ్డుకు ఎదురీదకూడదు, అలసిపోతాం. ఒడ్డు వెంబడే పక్కకు ఈది ఆ దారి దాటాక ఒడ్డుకు రావాలి. ఈ నాలుగు ముక్కలు బొమ్మతో సహా ఒక బోర్డు మీద రాయించడానికి కోట్లు అక్కర్లేదు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, సముద్రం పోటెత్తే రోజులకు ముందే హెచ్చరికలు ఇస్తుంది, అది ఒడ్డున ఒక ఎర్ర జెండాగా మారాలి. కార్తీక పౌర్ణమికి ఊళ్లోని గజ ఈతగాళ్లను ఎలాగూ పిలుస్తారు, ఆ మత్స్యకార కుర్రాళ్లకే శిక్షణ, జీతం ఇచ్చి శనాదివారాలు కూర్చోబెడితే ఏం పోయింది?

మన జిల్లాకు ఇవి చేతకాదు అనడానికి వీల్లేదు. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగకు లక్షల మంది వస్తారు. తాత్కాలిక టాయిలెట్లు, ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి గదులు, తాగునీళ్లు, స్పెషల్ బస్సులు, చెరువులో పడవల మీద ఈతగాళ్లు, అన్నీ ఉంటాయి, పండగ అవగానే విప్పేస్తారు. పండగకు పెట్టిన దాంట్లో పదో వంతు ఏడాది పొడవునా బీచ్‌లో ఉంచితే మాకు చాలు. మంత్రులు వచ్చినప్పుడల్లా వాటర్ పార్కు తెస్తాం, స్కైవాక్ తెస్తాం అంటారు. అవి మద్రాసులో ఉన్నాయి, కావాలంటే పోయి ఎక్కి వస్తాం. ఇక్కడ మాకు కావలసింది గడియ పడే తలుపు, ఈల పట్టుకున్న మనిషి, రాత్రి తొమ్మిదింటికి ఒక బస్సు.

పాటల సంగతి కూడా ఒక్క మాట. గాయకుడు ఎస్పీ బాలు గారు ఇక్కడి తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని 2020లో వేదపాఠశాల కోసం కంచి మఠానికి ఇచ్చారు, ఆయన పోయాక ఇక్కడి ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు ఆయన పేరు పెట్టారు. అలాంటి ఊరివాళ్లం మంచి కచేరీ వినాలంటే జనరల్ పెట్టెలో నిలబడి మద్రాసు పోతున్నాం. పెద్ద పెద్ద సెట్టింగులు వద్దు. వేసవి శనివారాల్లో ఆ పాఠశాల పిల్లలతోనే మైపాడు ఒడ్డున రెండు గంటలు పాడించండి, బస్సు ఉంటే మేమంతా వస్తాం.

చివరగా మీకు ఒక విన్నపం. నెల్లూరు, ప్రకాశం విలేకరుల్లో ఒకరిని ఒక మామూలు ఆదివారం సాయంత్రం, కార్లో కాదు, బస్సులో, ఇంట్లో ఆడవాళ్లను వెంటపెట్టుకుని మైపాడుకో కొత్తపట్నానికో పంపండి. ఎన్నింటికి ఇల్లు చేరారో రాయమనండి. ఫోటో మాత్రం ఈసారి అలలది వద్దు, టాయిలెట్ తలుపుది వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
వేదాయపాలెం, నెల్లూరు.