'తగినంత' అంటే ఎంతండీ?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం పుస్తకంలో వచ్చే కుట్టు, బేకింగ్, యాత్రల పేజీలను ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు చాలా ఇళ్ళలో కత్తిరించి దాచుకుంటారు. కుట్టు నేర్పేవాళ్ళం, ఆర్డర్ల మీద కేకులు చేసేవాళ్ళం కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. ఫిర్యాదు ఒక్కటే. ఆ పేజీల్లో ఎక్కడ చూసినా 'తగినంత' అన్న మాటే. తగినంత సోడా, సరిపడా గుడ్డ, వీలు చూసుకుని బయల్దేరండి. పని వచ్చినవాళ్ళకి ఆ మాట చాలు, కానీ వాళ్ళకి ఆ పేజీతో పనే లేదు. మా వైపు పిల్లలు బడిలో ఒడియా చదివి, తెలుగు ఇంట్లో నేర్చుకున్నవాళ్ళు. కూడబలుక్కుంటూ వంటకం చివరిదాకా వస్తే అక్కడ 'తగినంత' అని కనిపిస్తుంది. ఇక ఎవర్ని అడగాలి?

గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మా పర్లాకిమిడి. జనం నోట్లో ఉన్న మాటే రాతలోనూ ఉండాలని ఆయన పట్టుబట్టారు. మా ఇళ్ళలో నోటి మాటగా చెప్పేటప్పుడు ఎవరూ 'తగినంత' అనరు. చిటికెడు, పిడికెడు, సోలెడు, బెత్తెడు, జానెడు అంటారు. ఎంతో కొంత చేతికి అందే కొలత అది.

ముందు బేకింగ్ సంగతి, ఎందుకంటే సరుకు ఎక్కువగా పాడయ్యేది అక్కడే. ఛెనాపోడొ (విరిగిన పాల ముద్ద ఛెనాను కాల్చి చేసే ఒడియా కేకు) అని రాసి, పనీరు తురిమి వేయమంటారు. పనీరును బరువు పెట్టి నీరంతా పిండేస్తారు. ఛెనాలో తడి ఉంటుంది, ఆ తడి వల్లే ఛెనాపోడొ మెత్తగా వస్తుంది. పనీరుతో చేస్తే తీపి కలిపిన రంపంపొట్టులా ఉంటుంది. ఆ పేజీలో ఇలా వేసి ఉంటే ఎవరి పాలూ వృథా అయ్యేవి కావు:

ఆవుపాలు 3 లీటర్లు. పొంగాక దించి రెండు మూడు నిమిషాలు ఆగాలి. లీటరుకి 2 టేబుల్ స్పూన్ల నిమ్మరసం లెక్కన తీసుకుని, అంతే నీళ్ళు కలిపి, కొంచెం కొంచెంగా పోస్తూ కలపాలి. విరిగిన పాల మధ్య తేట లేత ఆకుపచ్చ రంగులోకి రాగానే నిమ్మరసం ఆపెయ్యాలి, మిగిలినా పొయ్యకూడదు. పులుపు ఎక్కువైనా, విరిగాక ఇంకా మరిగించినా ఛెనా రబ్బరులా సాగుతుంది. గుడ్డలో వడకట్టి, ఆ తేట కొంచెం తీసిపెట్టుకుని, పులుపు పోయేలా చన్నీళ్ళతో ఒకసారి కడిగి, అరగంట వేలాడదీయాలి. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ళ సందుల్లోంచి రెండు చుక్కలు కారాలి. ఒక్క చుక్కా రాలేదంటే ఎక్కువసేపు వేలాడదీశారన్నమాట. అప్పుడు తీసిపెట్టుకున్న తేటే రెండు చెంచాలు కలిపితే సరిపోతుంది. 3 లీటర్లకి అర కిలో పైచిలుకు ఛెనా వస్తుంది.

అర కిలో ఛెనాకి పంచదార 175 గ్రాములు, బొంబాయి రవ్వ 2 టేబుల్ స్పూన్లు, నెయ్యి ఒక స్పూను, ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు. అరచేతి మడమతో పది నిమిషాలు మెదపాలి. మొదట గట్టిగా ఉన్నదే పంచదార కరిగేకొద్దీ ఇడ్లీ పిండిలా జారుగా అవుతుంది. ఇది తెలియనివాళ్ళు మొదట్లోనే పాలు పోసేస్తారు, అది ఎంత కాలినా మధ్యలో పచ్చిగానే ఉండిపోతుంది. రవ్వ నానడానికి 20 నిమిషాలు పక్కన పెట్టాలి. 7 అంగుళాల గిన్నెకి నెయ్యి రాసి, సాల ఆకులు రెండు వరసలు పరచాలి. ఆ ఆకు లేనిచోట అరిటాకును సెగ మీద వాడ్చి వేసుకోవచ్చు. వాడ్చకపోతే మడత దగ్గర చిరుగుతుంది.

ఓవెన్ ఉంటే ముందే 180 డిగ్రీలకి వేడెక్కించి, 50 నుంచి 60 నిమిషాలు. కుక్కరయితే గాస్కెట్, విజిల్ రెండూ తీసెయ్యాలి. అడుగున అంగుళం మందాన రాళ్ళుప్పు పోసి, పైన స్టాండు పెట్టి, మూతతో పది నిమిషాలు మధ్యస్థం మంట మీద వేడెక్కాక గిన్నె లోపల పెట్టాలి. సన్న సెగ మీద గంట నుంచి గంటంపావు. మొదటి ముప్పావు గంట మూత తియ్యకూడదు. తీస్తే వేడి పడిపోయి మధ్యలో గుంట పడుతుంది, మళ్ళీ లేవదు. ఉప్పు మందం తగ్గినా, స్టాండు మర్చిపోయినా అడుగు మాడుతుంది. వేడి కుక్కర్లో నీళ్ళు పొయ్యకూడదు. ఇలా పొడి వేడికి వాడిన కుక్కరును మళ్ళీ పప్పు ఉడికించడానికి వాడకపోవడమే మేలు, పాతది ఒకటి విడిగా పెట్టుకోండి. కాలాక రెండు గంటలు చల్లారితేనే తిరగెయ్యాలి. ఆత్రపడితే అట్టు విరిగినట్టు విరుగుతుంది.

ఇంకో మాట. ఆరోగ్యం పేరు చెప్పి పంచదార సగానికి తగ్గించమని రాస్తుంటారు. పోడొ అంటేనే కాలినది. ఆ ముదురు గోధుమ రంగు, ఆ కాలిన వాసన పాల మాంసకృత్తులు, పంచదార కలిసి వేడికి మారడం వల్ల వస్తాయి. తడిని పట్టి ఉంచేదీ పంచదారే. 120 గ్రాముల కన్నా తగ్గితే తెల్లగా, పొడిపొడిగా వస్తుంది. తక్కువ తీపి కావాలంటే ముక్క చిన్నది కోసుకోవాలి.

సోడా విషయంలో మరీ అన్యాయం. వంటసోడా వేరు, బేకింగ్ పౌడరు వేరు. సోడా పొంగాలంటే పెరుగో నిమ్మరసమో పులుపు ఉండాలి. పౌడర్లో ఆ పులుపు ముందే కలిపి ఉంటుంది, బలం సోడాలో మూడో వంతు. రెండింటినీ 'సోడా' అని రాస్తే, పౌడరు వెయ్యాల్సిన చోట సోడా పడి కేకు సబ్బు రుచి వస్తుంది. గుడ్డు లేని కేకుకి మేం నేర్పే లెక్క: మైదా 190 గ్రాములు, గట్టి పెరుగు 240 మిల్లీలీటర్లు, పంచదార 150 గ్రాములు, నూనె 120 మిల్లీలీటర్లు, బేకింగ్ పౌడరు ఒకటింపావు టీస్పూను, వంటసోడా అర టీస్పూను. పెరుగులో పంచదార కరిగించి, సోడా, పౌడరు కలిపి ఐదు నిమిషాలు నురగ రానివ్వాలి. నూనె పోసి, మైదా జల్లించి కలిపి, ఆలస్యం చెయ్యకుండా 180 డిగ్రీల వేడిలో పెట్టాలి. ఫోన్ మోగిందని గిన్నె పక్కన పెడితే లోపలున్న గాలంతా పోతుంది.

చోడిపిండి (రాగిపిండి) బిస్కెట్ల గురించి క్లుప్తంగా. చోళ్ళలో సాగే జిగురు లేదు కాబట్టి ఒట్టి చోడిపిండితో చేస్తే విరిగిపోతాయి. సగానికి సగం గోధుమపిండి కలపండి. పిండి ముదురు రంగే కాబట్టి 'బంగారు రంగు వచ్చేవరకు' అని రాయకండి, ఆ రంగు ఎప్పటికీ రాదు. 170 డిగ్రీల్లో 12 నుంచి 15 నిమిషాలకి తీసెయ్యాలి. తీసినప్పుడు మెత్తగానే ఉంటాయి, చల్లారాక గట్టిపడతాయి.

కుట్టు పేజీలో 'జాకెట్టుకి మీటరు గుడ్డ' అని ఉంటుంది. ఏ పన్నా (వెడల్పు) గుడ్డ? 36 అంగుళాల పన్నాకి మీటరు కావాలి, 44 అంగుళాల పన్నాకి మామూలు చేతులైతే 80 సెంటీమీటర్లు చాలు. నూలు లైనింగు మీటరుకి మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు కుంచించుకుపోతుంది. అందుకని రాత్రంతా నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి అప్పుడు కత్తెర పెట్టాలి. ఈ ఒక్క ముక్క రాయకపోవడంతో మొదటి ఉతుకుకే పైగుడ్డ బుడగలు లేచి, తప్పంతా కుట్టినవాళ్ళ మీద పడుతుంది.

మెడ వదులై లేచి నిలబడుతోందని అందరూ అడుగుతారు. మెడ వంపు కొంత ఐమూలగా (నేత పోగులకి ఏటవాలుగా) పడుతుంది, ఐమూల అంచు పట్టుకున్నప్పుడల్లా సాగుతుంది. కత్తిరించగానే, ఇంకేమీ ముట్టుకోకముందే, అంచుకి పావు అంగుళం లోపలగా ఒక వరస కుట్టు వేసేస్తే సాగదు. పైపింగు పట్టీ మాత్రం ఐమూలగానే తియ్యాలి, వంపు తిరిగేది అదే. ఒకటింపావు అంగుళం వెడల్పున తీస్తే, 12 అంగుళాల చదరపు ముక్కలో అతుకులు పోను సుమారు 100 అంగుళాల పట్టీ వస్తుంది.

బరంపురం పట్టుకి 14 నంబరు సూది వాడమని రాయకండి, పోగు తెగి గీత పడుతుంది. 11 నంబరు చాలు. పట్టులో గుండుసూది చేసిన రంధ్రం మూసుకోదు, కాబట్టి కుట్టు లోపలికి పోయే అంచులోనే గుచ్చాలి. మిషను కింద దారం గూడు కడితే అందరూ బాబిను కేసు స్క్రూ తిప్పుతారు. తప్పు సాధారణంగా పైదారానిది. గుడ్డను నొక్కి పట్టే మిషను పాదం కిందికి దించి దారం ఎక్కిస్తే, దారాన్ని బిగించే టెన్షన్ పళ్ళేల మధ్యకి అది దిగదు. పాదం ఎత్తి మళ్ళీ ఎక్కిస్తే సరి.

ఇక యాత్రలు. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన నేరోగేజి పోయి, బ్రాడ్‌గేజి వచ్చి పదేళ్ళు దాటింది. అయినా బుల్లి రైలు ముచ్చట్లు ఇంకా రాస్తూనే ఉన్నారు. చదివి వచ్చినవాళ్ళు స్టేషన్లో ఆ రైలెక్కడని అడుగుతున్నారు. మహేంద్రగిరి ఎత్తు 1501 మీటర్లని వేస్తారు, దాని అర్థం చెప్పరు. ఎత్తు పెరిగే ప్రతి వెయ్యి మీటర్లకి వేడి ఆరు డిగ్రీలకి పైగా తగ్గుతుంది. అంటే పర్లాకిమిడిలో 20 ఉన్న తెల్లవారుజామున కొండమీద 12 దగ్గర ఉంటుంది. చంటిపిల్లలతో ఒంటిమీది చొక్కాతో ఎక్కేవాళ్ళకి కావలసింది ఆ రెండో అంకె.

సంక్రాంతి సెలవులకి మంచి చుట్టు ఒకటి ఉంది. పర్లాకిమిడి నుంచి ఆర్.ఉదయగిరి మీదుగా చంద్రగిరి, అక్కడ జిరంగొలో 2010లో దలైలామా ప్రారంభించిన పద్మసంభవ మహావిహారం అనే బౌద్ధ మఠం చూసుకుని, తప్తపాణి, దిగపహండి మీదుగా బరంపురం దిగవచ్చు. మఠంలో చెప్పులు బయట వదిలి, ప్రదక్షిణ మన గుడిలోలాగే కుడివైపుగా చెయ్యాలి. తప్తపాణిలో వేడినీటి ఊట దగ్గర స్నానం చెయ్యమని అందరూ రాస్తారు. అది గంధకం నీరు, వెండి పట్టీలు, మొలతాడు నల్లబడతాయి. వెండి జరీ చీరా అంతే. అన్నీ తీసి సంచిలో వేసుకుని దిగాలి. దారిలో తినడానికి చోడి బిస్కెట్లు పట్టుకెళ్ళండి. ఎండాకాలంలో ఛెనాపోడొ సంచిలో పెడితే సాయంత్రానికే వాసన మారుతుంది. ఇంట్లో బయట ఒక రోజు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు అనుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం తిరుగు బస్సు. 'బస్సు సౌకర్యం కలదు' అని రాస్తే వెళ్ళడానికి ఉందని తెలుస్తుంది. రావడానికి చివరిది ఎన్నింటికో ఒక్కరూ రాయరు. ఘాటు రోడ్డు ఊళ్ళలో చీకటి పడ్డాక ఆటో కూడా కష్టం. వేళలు మారుతుంటాయి కనుక ఏ నెలలో కనుక్కుని రాశారో ఆ నెల పేరు పక్కనే వెయ్యండి.

మేం కోరేది ప్రతి పేజీ అడుగున గీత గీసిన చిన్న గడి ఒకటి. వంటకైతే గ్రాములు, కప్పు ఎన్ని మిల్లీలీటర్లదో, గిన్నె ఎన్ని అంగుళాలదో. కుట్టుకైతే పన్నా, సూది నంబరు. ప్రయాణానికైతే చివరి బస్సు. మా వైపు ఆడవాళ్ళు ఆ కత్తిరింపులను పిండి డబ్బా మూత లోపల అంటించుకుంటారు. నాలుగు అంగుళాల్లో పట్టేలా వేయించగలరు.

ఇట్లు,
కొందరు పాఠకులు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా