రామకోటి పుస్తకానికి గుడ్డ అట్ట

పెరంబూరు, చెన్నై

చి॥ శ్రీకాంత్‌కు,

అమ్మ ఆశీస్సులు.

నాయనమ్మ రామకోటి రాసుకునే నోటుబుక్కుకి నువ్వే గుడ్డ అట్ట వేసి ఇస్తానన్నావు చూడు, ఆ మాట విన్నప్పటి నుంచీ నా మనసు దాని మీదే ఉంది. ఫోనులో సగం చెప్పేసరికి నీకు ఆఫీసు పిలుపొచ్చింది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. పక్కన పెట్టుకుని చదువుతూ చేసుకో.

ముందు ఆ వెంకటగిరి చీర సంగతి. నాయనమ్మ కట్టిన పాత చీర ముక్కతోనే అట్ట వేయాలని నీకుంది. వద్దు నాన్నా. ఆ నేత మరీ పల్చన. జిగురు పైకి ఊరి మచ్చలు పడతాయి, కింద ఉన్న అట్ట రంగు కనబడుతుంది. జరీ ఉన్నచోట సరిగ్గా అంటుకోదు. పైగా ఆ చీరని అట్టగా చూస్తే ఆవిడ రాయనే రాయదు, బీరువాలో దాచేస్తుంది. ఆవిడ పొద్దున్నే స్నానం చేసి, వరండాలో కూర్చుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని రాస్తుంది. చేతికి పసుపో కుంకుమో ఉంటుంది. అంటినా ఫరవాలేదులే అనిపించే గుడ్డ అయితేనే ఆ పుస్తకం నిండుతుంది.

గళ్ల గుడ్డంటే నాకెంత ఇష్టమో నీకు తెలుసు. మన చీరాల మగ్గాల మీద నేసిన గళ్ల రుమాళ్లే మద్రాసు పేరుతో పశ్చిమాఫ్రికా దాకా వెళ్లాయి. కానీ కొత్తగా అట్ట వేసేవాళ్లకి గళ్లు వద్దు. గీత కాస్త పక్కకి జరిగితే పుస్తకమే వంకరగా కనిపిస్తుంది. పెడన కలంకారీలో చిన్న పువ్వుల అచ్చు తీసుకుందాం. కరక్కాయ నీళ్లలో ముంచి, పటిక వేసి ఎరుపు, బెల్లం నీళ్లలో నానబెట్టిన ఇనుముతో నలుపు తెప్పిస్తారు వాళ్లు. ఆ రంగుల మీద చేతి మరక అంతగా తెలియదు, అచ్చు కాస్త పక్కకి పోయినా ఎవరికీ కనబడదు. గుడ్డ నేనే గోడౌన్ వీధిలో కొని పంపుతాను, ఆ పని నాకు వదిలెయ్.

నోటుబుక్కు మాత్రం నువ్వు చూసి కొనాలి. మీ బెంగళూరు అవెన్యూ రోడ్డులో దొరుకుతుంది. గట్టి అట్ట ఉండాలి, పేజీలు దారంతో కుట్టి ఉండాలి. మధ్యకి తెరిచి చూస్తే మడతలో దారం కనిపించాలి. జిగురుతో అంటించిన పేజీలు రోజూ తెరిచి మూస్తుంటే ఊడొస్తాయి. స్పైరల్‌ది అసలు వద్దు.

గుడ్డ రాగానే ఉతుకు. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, తడి తగిలితే ముడుచుకుంటుంది కూడా. తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూడు. దిగితే జిగురు తడికి ఆ రంగు పేజీలకి అంటుతుంది, ఇంకోసారి ఉతకాలి. కాస్త చెమ్మగా ఉండగానే ఇస్త్రీ చెయ్యి.

కొలత పుస్తకం మూసి ఉంచే తీసుకోవాలి. ఇది మరిచిపోకు. తెరిచి పరిచి కొలిస్తే వీపు దగ్గర, అంటే పేజీలు కుట్టిన వైపు, గుడ్డ చాలదు, తర్వాత పుస్తకం మూతపడదు. ముందు అట్ట, వీపు, వెనక అట్ట చుట్టూ టేపు తిప్పి, నాలుగు వైపులా 2 సెంటీమీటర్లు ఎక్కువ ఉంచి కత్తిరించు. ఏ5 సైజు పుస్తకం 148 మిల్లీమీటర్ల వెడల్పు, 210 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది కాబట్టి అర మీటరు గుడ్డ ధారాళంగా సరిపోతుంది. పడుగు దారాలు, అంటే గుడ్డ అంచు వెంట నడిచేవి, వీపుకి సమాంతరంగా ఉండాలి. గుడ్డ అటు తక్కువ సాగుతుంది.

ఫెవికాల్ అట్టకే రాయి, గుడ్డకి కాదు. బ్రష్షుతో పల్చగా, మూలలదాకా. ముందు అట్ట మీద గుడ్డ పరిచి, మధ్య నుంచి అంచులకి చేత్తో నిమురు, బుడగలు పోతాయి. ఆ తర్వాత పుస్తకం మూసి, వీపు మీదుగా గుడ్డ తెచ్చి, వెనక అట్టకి అంటించు. వీపు పక్కన గాడి ఉంటుంది కదా, అందులోకి గుడ్డని చెంచా కాడతో నొక్కు. అక్కడ గుడ్డ దిగితేనే పుస్తకం సుఖంగా తెరుచుకుంటుంది.

మూలలే కష్టం. గుడ్డని ఏటవాలుగా కత్తిరించు, కానీ అట్ట మూలకి 3 మిల్లీమీటర్లు వదిలిపెట్టు. మరీ దగ్గరికి కోస్తే అట్ట మొన బయటపడుతుంది. ముందు పైనా కిందా మడిచి, మూల దగ్గర గోటితో నొక్కి, తర్వాత పక్క మడు. వీపు పైనా కిందా మిగిలిన గుడ్డకి చిన్న గాట్లు పెట్టి లోపలికి తోసెయ్.

లోపలి వైపు మందపాటి కాగితం అట్టకన్నా 3 మిల్లీమీటర్లు తక్కువగా కత్తిరించి అంటించు. మడతలు దాచడానికే అనుకోకు. బయట గుడ్డ ఆరుతూ అట్టని తనవైపు లాగుతుంది, లోపలి కాగితం ఇటు లాగుతుంది. ఆ రెండూ సరిపడితేనే అట్ట వంపు తిరగదు. ఆ కాగితం కిందే పేజీ గుర్తుకి ఒక నాడా, వెనక అట్టకి పెన్ను దూర్చుకునే ఎలాస్టిక్ ఉచ్చు అంటించు. నాయనమ్మ పెన్ను ఎప్పుడూ దిండు కింద దొరుకుతుంది, ఆ ఉచ్చు ఆవిడకి ఎంత సాయమో నీకు తెలియదు. పూసలూ లేసులూ మాత్రం వేయకు, ఒళ్లో గుచ్చుకుంటాయి.

అట్టకీ పేజీలకీ మధ్య ప్లాస్టిక్ కవరు పెట్టి, పైన బరువు వేసి రాత్రంతా వదిలెయ్. ఇక్కడి చెమ్మకి ఇంకో పూట పట్టేది, బెంగళూరులో తెల్లారేసరికి ఆరిపోతుంది.

పుస్తకం కొనగానే మూసి కొలిచిన కొలత ఫోనులో పంపు. గుడ్డ దానికి తగ్గట్టు కొంటాను, మూలలు సాధన చేసుకోవడానికి ఒక ముక్క అదనంగా పెడతాను.

అమ్మ