పాటతో పాటు పాడినవాళ్ల పేరూ రావాలి

సంపాదకులకు నమస్కారం.

అమెరికా ఖండాల జానపద ఆల్బమ్‌లు ఇప్పుడు ఫోన్‌లో వెతికితే క్షణంలో దొరుకుతున్నాయి. సంతోషమే. కానీ చాలా పాటలకు ఎవరు కట్టారు, ఏ ఊళ్లో ఎవరు రికార్డు చేశారు అన్న వివరాలు ఉండటం లేదు. ‘సంప్రదాయ గీతం’ అని వేసి చేతులు దులుపుకుంటున్నారు. ఇది చిన్న విషయం కాదు.

ఎలిజబెత్ కాటన్ సంగతే చూడండి. నార్త్ కరోలినాలో పుట్టిన నల్లజాతి మహిళ. ఎడమచేతి వాటం కావడంతో మామూలు గిటార్‌నే తిరగేసి పట్టుకుని, బొటనవేలితో పాట వరసనూ మిగతా వేళ్లతో మంద్ర స్వరాలనూ మీటేవారు. చిన్నతనంలోనే ‘ఫ్రెయిట్ ట్రెయిన్’ పాట కట్టారు. తర్వాత ఏళ్ల తరబడి గిటార్ ముట్టకుండా ఇళ్లల్లో పనిచేశారు. వాషింగ్టన్‌లో ఆమె పనికి కుదిరిన సీగర్ కుటుంబం సంగీతకారులది కాబట్టి ఆ పాట బయటికొచ్చింది. 1957లో బ్రిటన్‌లో హిట్టయినప్పుడు మాత్రం రచయితలుగా వేరే ఇద్దరి పేర్లు పడ్డాయి! తన పాట తనదని ఒప్పించుకోవడానికి ఆమె పోరాడాల్సి వచ్చింది. 1958లో ఫోక్‌వేస్ అనే రికార్డుల సంస్థ ఆమె ఆల్బమ్ తెచ్చేనాటికి ఆమెకు అరవై దాటాయి. సంగీతానికిచ్చే గ్రామీ అవార్డు వచ్చింది 1985లో.

పెరూ పాట ‘ఎల్ కోండోర్ పాసా’దీ ఇదే దారి. 1913లో డానియెల్ అలోమియా రోబ్లెస్ స్వరపరిచిన బాణీని జానపదం అనుకుని అమెరికన్ గాయకుడు పాల్ సైమన్ 1970లో ఇంగ్లిష్‌లో పాడారు. రోబ్లెస్ కొడుకు కోర్టుకెక్కాకే తండ్రికి దక్కాల్సిన గుర్తింపు దక్కింది.

ఈ విషయంలో ఫోక్‌వేస్ పద్ధతి నాకు ఎంతో నచ్చుతుంది. 1948లో న్యూయార్క్‌లో మోజెస్ ఆష్ మొదలుపెట్టిన ఈ సంస్థ రెండు వేలకు పైగా ఆల్బమ్‌లు తెచ్చింది. దళసరి అట్ట కవరులో రికార్డుతో పాటు ఒక చిన్న పుస్తకం ఉండేది. గాయకుల వివరాలు, పాటల పుట్టుక, చాలాసార్లు సాహిత్యం కూడా అందులోనే. ఆష్ పోయాక 1987లో అమెరికా జాతీయ మ్యూజియంల సంస్థ స్మిత్‌సోనియన్ దాన్ని తీసుకున్నప్పుడు, ఒక్క ఆల్బమ్ కూడా అమ్మకం నుంచి తీసేయకూడదని షరతు పెట్టారు. ఎవరూ కొనని ఆల్బమ్‌కైనా సరే ఆ షరతు వర్తిస్తుంది. ఆ పుస్తకాలను కూడా స్మిత్‌సోనియన్ తన వెబ్‌సైట్‌లో ఉచితంగా ఇస్తోంది. మరి అవే ఆల్బమ్‌లు పెట్టే యాప్‌లకు ఆ పుస్తకానికి ఒక లింకు ఇవ్వడం ఏం కష్టం?

సినిమాల్లో ‘జానపదం’ అని వేసి ఊరుకోవడం మన దగ్గరా ఉన్నదే. హైదరాబాద్, విజయవాడ ఆకాశవాణి కేంద్రాలు తమ దగ్గరున్న జానపద రికార్డింగులను గాయకుల పేర్లు, ఊళ్లతో సహా అందరికీ అందుబాటులో ఉంచాలని కోరుతున్నాను. మీ పత్రిక కూడా జానపద పాట గురించి రాసిన ప్రతిసారీ అది ఎవరి నోట విన్నదో వేయాలని మనవి.

– ఒక పాఠకుడు, వరంగల్