ఎటా జేమ్స్ అంటే ఒక్క పాటేనా?

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో అమెరికన్ గాయని ఎటా జేమ్స్ మీద వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. కానీ అది ఆమె పాట 'ఎట్ లాస్ట్' దగ్గరే ఆగిపోయింది. పాట గొప్పదే, కాదనను. ముందు వయొలిన్లు ఎగసిపడతాయి, ఆ వెనకే ఆమె గొంతు అందుకుంటుంది. అయితే ఆ హంగంతా షికాగోలోని చెస్ రికార్డ్స్ కంపెనీ వాళ్లు పాప్ శ్రోతల్ని పట్టడానికి చేసిన ఏర్పాటు. మడ్డీ వాటర్స్, హౌలిన్ వుల్ఫ్ లాంటి బ్లూస్ (నల్లజాతి అమెరికన్ల సంగీతం) ఉద్దండులు పాడిందీ ఆ కంపెనీకే.

ఎటా 2004లో 'బ్లూస్ టు ద బోన్' ఆల్బమ్‌తో మళ్లీ ఆ ఉద్దండుల పాటల దగ్గరికే వచ్చింది. అప్పటికి ఆమెకు 66 ఏళ్లు. వయొలిన్ల ఊసే లేదు. డ్రమ్స్ మీద ఒక కొడుకు డోంటో, బేస్ గిటార్ మీద ఇంకో కొడుకు సమెట్టో. గొంతు బరువెక్కింది, కాస్త బొంగురు కూడా పోయింది. నాకైతే అదే నచ్చింది. మగవాళ్లు మీసం మెలేస్తూ పాడిన పాటల్ని ఆవిడ ఏ తొందరా లేకుండా తనవి చేసేసుకుంటుంది. 2005లో దీనికి సంప్రదాయ బ్లూస్ విభాగంలో గ్రామీ కూడా దక్కింది.

ఆమె హెరాయిన్ అలవాటుకు రెండు పేరాలు ఇచ్చారు. ఈ ఆల్బమ్‌కు ఒక్క వాక్యమైనా ఇవ్వాల్సింది. 2012లో ఆమె పోయేనాటికే ఈ ఆల్బమ్ కొత్త సంగతేమీ కాదు కదా!

- ఒక పాఠకురాలు, కాకినాడ