సీలింగ్ మూయకముందే డక్టు పని చూసుకోవాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. నెల్లూరులోనూ ఒంగోలులోనూ కొత్తగా ఇళ్లు కట్టుకుంటున్నవారిలో కొందరు గదికొక స్ప్లిట్ ఏసీ పెట్టించే బదులు, ఫాల్స్ సీలింగ్ పైన గాలిని చల్లబరిచి తోసే ఒకే ఎయిర్ హ్యాండ్లర్‌ను బిగించి, డక్టుల (గాలి గొట్టాల) ద్వారా అన్ని గదులకూ చల్లగాలి పంపే ఏర్పాటు చేయించుకుంటున్నారు. కొటేషన్ చేతికి రాగానే ఏ కంపెనీ, ఎన్ని టన్నులు, ఎన్నేళ్ల వారంటీ అని అడుగుతాం. యూనిట్‌ను డక్టుకు ఎలా కలుపుతారు, గదిలోని గాలి తిరిగి యూనిట్‌కు ఏ దారిన చేరుతుంది, నీరు ఎటు పోతుంది అని అడిగేవారు తక్కువ. ఖరీదైన యంత్రం కొన్నా పని చెడేది ఈ మూడు చోట్లే కాబట్టి, సీలింగ్ బోర్డులు బిగించకముందే ఇంటి యజమానులు ఈ పనిని దగ్గరుండి పరీక్షించుకోవాలని నా మనవి.

నెల్లూరులో మా బంధువుల ఇంట్లో రెండో వేసవికే గ్రిల్ చుట్టూ గోధుమరంగు మరకలు పడ్డాయి. ఏసీ పొద్దస్తమానం తిరుగుతున్నా చివరి పడకగది చల్లబడేది కాదు. గ్యాస్ తగ్గిందని ఒకరు, టన్నులు చాలవని ఇంకొకరు చెప్పారు. చివరికి బోర్డు విప్పి చూస్తే, యూనిట్ మూతికీ డక్టు అంచుకూ మధ్య ఒక పక్క వేలు దూరేంత సందు ఉంది. దాని మీద అట్టపెట్టెలకు వేసే టేపు చుట్టి వదిలేశారు. ఆ టేపు ఎండి, ఊడి, వేలాడుతోంది. గదికి చేరవలసిన చల్లగాలి ఏడాదికి పైగా స్లాబు కింది ఖాళీలోకి పోయింది.

ఆ అతుకు అలా చేసేది కాదు. యూనిట్ అదురు డక్టుకు పాకకుండా మధ్యలో కాన్వాస్ పట్టీ వేయాలి, అంచులను స్క్రూలతో బిగించాలి, అతుకులన్నిటికీ డక్టుల కోసమే తయారైన సీలెంటు పూయాలి లేదా అందుకు తగిన అల్యూమినియం టేపు వేయాలి. మామూలు టేపుల జిగురు వేడికి ఎండి ఊడిపోతుంది. డక్టులున్న సాధారణ ఇళ్లలో, వాటిలో వెళ్లే గాలిలో 20 నుంచి 30 శాతం దాకా ఇలాంటి సందుల గుండానే వృథా అవుతుందని అమెరికా ప్రభుత్వ ఎనర్జీ స్టార్ కార్యక్రమం చెబుతోంది. మెత్తని ఫ్లెక్సిబుల్ గొట్టాలు వాడితే వాటిని పూర్తిగా సాగదీసి, నాలుగైదు అడుగులకొక ఆధారం ఇవ్వాలి. నులుముకుపోయినా, బొజ్జలా వేలాడినా గాలి ముందుకు పోదు.

సముద్రం దగ్గరున్న మన జిల్లాలలో తేమ సంగతి మరీ ముఖ్యం. బయట 35 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉన్నప్పుడు 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదనైనా నీరు పడుతుంది. డక్టులో పారే గాలి సుమారు 13 డిగ్రీల దగ్గర ఉంటుంది. కాబట్టి ఇన్సులేషన్‌లో అరచేయంత భాగం వదిలేసినా అక్కడ డక్టుకు చెమటపట్టి, చుక్కలు జిప్సం బోర్డు మీద పడి, మరకలూ బూజూ వస్తాయి. ముఖ్యంగా వంపుల దగ్గర, కొక్కేల దగ్గర, యూనిట్ కలిసే చోట ఇన్సులేషన్ అతుకులు మూసుకున్నాయో లేదో చేత్తో తడిమి చూడాలి.

గాలి తిరిగి వచ్చే దారిని మనవాళ్లు దాదాపుగా మరచిపోతున్నారు. టన్నుకు నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలి, యూనిట్ లోపల దాన్ని చల్లబరిచే కాయిల్ మీదుగా పోవాలన్నది వాడుకలో ఉన్న లెక్క. అంటే మూడు టన్నుల యూనిట్‌కు 1,200. ఇంత గాలిని హాల్లో ఒక్క చిన్న గ్రిల్ పెట్టి లాగించాలనుకుంటే గాలిని లాగే బ్లోయర్ ఫ్యాను రొద చేస్తుంది, కాయిల్ మంచుకట్టే ప్రమాదమూ ఉంది. పడకగది తలుపు వేసుకుంటే లోపలి గాలి బయటికి రాలేక కిటికీ సందుల గుండా వెళ్లిపోతుంది, ఆ లోటు తీర్చడానికి హాల్లోకి వీధిలోని ఉక్క వస్తుంది. గదిగదికీ రిటర్న్, అంటే గాలి తిరిగి వెళ్లే దారి, ఇవ్వడం మేలు. కుదరకపోతే తలుపు కిందనో పక్క గోడలోనో గాలికి చాలినంత దారి వదలాలి.

కాయిల్ మీద పట్టి కింది తొట్టిలో చేరే నీటిని బయటికి పంపే డ్రెయిన్ పైపు అడుగుకు కనీసం పావు అంగుళం వాలు ఉండేలా వేయిస్తే మంచిది. బ్లోయర్ కాయిల్ తర్వాత ఉండే యూనిట్లలో పైపుకు నీటి ట్రాప్ (కొంత నీరు నిలిచి గాలిని ఆపే వంపు) తప్పనిసరి. అది లేకపోతే బ్లోయర్ పైపులోంచి గాలిని పీల్చి, నీటిని దిగనివ్వదు. తొట్టి నిండి పొర్లుతుంది. యూనిట్ కింద ఇంకో తొట్టి, నీరు పెరిగితే యంత్రాన్ని ఆపే ఫ్లోట్ స్విచ్ పెట్టించడానికయ్యే ఖర్చు, పాడైన సీలింగ్‌ను మార్పించే ఖర్చుతో చూస్తే చాలా తక్కువ.

రేకు డక్టులకు ఐఎస్ 655 అనే భారతీయ ప్రమాణం, ఏసీ పనులకు 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి ఉన్నాయి. కొటేషన్‌లో వీటిని రాయించుకుని, బోర్డులు ఎక్కించకముందే ఒక పూట యూనిట్‌ను నడిపించి అతుకులన్నిటి మీదా చెయ్యి పెట్టి చూడాలని, తొట్టిలో బిందెడు నీళ్లు పోసి ఎంతసేపట్లో దిగుతాయో గమనించాలని, ఇవన్నీ అయ్యాకే చివరి వాయిదా డబ్బు చెల్లించాలని యజమానులను కోరుతున్నాను. బిల్డర్లు కూడా యూనిట్ కింద మనిషి చేతులూ భుజాలూ పట్టేంత తలుపు తప్పక వదలాలి. చాలా ఇళ్లలో ఫిల్టర్ తీయడానికి కూడా చోటు లేకుండా బోర్డులు బిగించేస్తున్నారు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
నెల్లూరు