డిమాండ్ వ్యాకోచత్వం, ధరల నియంత్రణ పాఠాల్లోని తప్పులపై ప్రచురణ సంస్థకు ఫిర్యాదు

గౌరవనీయులైన సంపాదక విభాగం వారికి,

విషయం: ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం అర్థశాస్త్రం గైడులోని తప్పులు – సవరణ పత్రం జారీ చేయవలసిందిగా కోరడం గురించి.

అయ్యా,

నేను తెలుగు మాధ్యమం విద్యార్థులకు అర్థశాస్త్రం బోధించే అధ్యాపకుడిని. మీ సంస్థ ఈ ఏడాది విడుదల చేసిన గైడును మా కళాశాలలో చాలామంది కొన్నారు. అందులోని తప్పులను మీ ప్రతినిధికి చూపించినప్పుడు, అవి అచ్చుతప్పులని, మళ్లీ ముద్రించేటప్పుడు చూస్తామని ఆయన చెప్పారు. కానీ అవి భావనలోనే జరిగిన తప్పులు. వాటిని కంఠస్థం చేసిన విద్యార్థి పరీక్షలో మార్కులు పోగొట్టుకోవడమే కాక, ఆ విషయాన్ని జీవితాంతం తప్పుగానే అర్థం చేసుకునే ప్రమాదం ఉంది కాబట్టి రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తున్నాను.

అన్నింటికీ మూలమైన తప్పు వ్యాకోచత్వం పాఠంలో ఉంది. డిమాండ్ పరిమాణం = 100 – 2 × ధర అనే సమీకరణం ఇచ్చి, ధర ముందున్న గుణకమైన 2నే వ్యాకోచత్వంగా చూపి, రేఖ మీద ఎక్కడైనా అది మారదని రాశారు. ధర ఒక శాతం మారితే డిమాండ్ పరిమాణం ఎన్ని శాతం మారుతుందో చెప్పేదే వ్యాకోచత్వం. ఇదే సమీకరణంలో ధర 40 రూపాయలైతే పరిమాణం 20, వ్యాకోచత్వం (2 × 40 ÷ 20) 4 అవుతుంది. ధర 25 అయితే సరిగ్గా 1 అవుతుంది. ధర 10 అయితే 0.25కు పడిపోతుంది. అంటే ఒకే సరళరేఖ మీద పైభాగంలో డిమాండ్ వ్యాకోచంగాను (1 కంటే ఎక్కువ), కింది భాగంలో అవ్యాకోచంగాను (1 కంటే తక్కువ) ఉంటుంది. ధరను రూపాయల్లో కాకుండా పైసల్లో రాస్తే మీ గుణకం 0.02 అయిపోతుంది, కొనుగోలుదారుల స్వభావం మాత్రం రవ్వంత కూడా మారదు. కొలమానం మారినప్పుడల్లా మారిపోయే సంఖ్యను వ్యాకోచత్వంగా ఎలా బోధించగలం?

దీని ప్రభావం ధరల నియంత్రణ పాఠంలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. అదే డిమాండ్‌కు సప్లయ్ = 3 × ధర అని తీసుకుని, ప్రభుత్వం గరిష్ఠ ధరను 24 రూపాయలుగా నిర్ణయిస్తే 20 యూనిట్ల కొరత వస్తుందని జవాబు ఇచ్చారు. ఇక్కడ సమతౌల్య ధర, అంటే డిమాండ్, సప్లయ్ సమానమయ్యే ధర, 20 రూపాయలు. గరిష్ఠ ధర అంతకంటే ఎక్కువగా ఉంటే ఆ ఆదేశం ఎవరినీ అడ్డుకోదు, మార్కెట్ 20 రూపాయల దగ్గరే, 60 యూనిట్లతోనే నిలుస్తుంది. 24 దగ్గర సప్లయ్ 72, డిమాండ్ 52 కాబట్టి ఆ తేడా మిగులు. దాన్నే మీరు కొరత అన్నారు. గరిష్ఠ ధర 15 అయినప్పుడే డిమాండ్ 70, సప్లయ్ 45 అయి, 25 యూనిట్ల కొరత ఏర్పడుతుంది. స్వల్పకాలంలో సప్లయ్ 60 దగ్గరే స్థిరంగా ఉంటే కొరత 10 యూనిట్లు మాత్రమే. కొరత ఎంత ఉంటుందన్నది డిమాండ్, సప్లయ్ రెండింటి వ్యాకోచత్వాల మీద ఆధారపడుతుందన్న మాట ఈ పాఠానికి ప్రాణం. అది గైడులో ఒక్క వాక్యంలోనైనా లేదు.

గుండె స్టెంట్ల ఉదాహరణను ఎంచుకున్నందుకు సంతోషించాను, కానీ వివరణ చదివాక బాధ కలిగింది. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల ప్రాధికార సంస్థ మందు పూత ఉన్న స్టెంటుకు 29,600 రూపాయలు, సాధారణ లోహపు స్టెంటుకు 7,260 రూపాయలు గరిష్ఠ ధరగా నిర్ణయించింది. అంతకుముందు మందు పూత స్టెంట్లు లక్ష రూపాయలకు పైగా కూడా అమ్ముడయ్యేవి. ధర ఇంతగా తగ్గింది కాబట్టి డిమాండ్ వ్యాకోచమని మీరు తేల్చారు. స్టెంటు ఎన్ని వేయాలో రక్తనాళంలోని అడ్డంకిని బట్టి వైద్యుడు నిర్ణయిస్తాడు, రోగి బేరమాడి కొనే వస్తువు కాదు. అది అవ్యాకోచ డిమాండ్‌కు దగ్గరి ఉదాహరణ. అందుకే నియంత్రణ వల్ల ప్రధానంగా మారింది రోగి చెల్లించే మొత్తం, మధ్యవర్తులకు, ఆసుపత్రులకు మిగిలే మార్జిన్. సప్లయ్ వైపు ఒత్తిడి కూడా వాస్తవమే. కొన్ని విదేశీ కంపెనీలు ఖరీదైన మోడళ్లను ఉపసంహరించుకోవడానికి అనుమతి అడిగాయి. ఈ రెండు వైపులా చెబితేనే పాఠం పూర్తవుతుంది.

2024–25లో సాధారణ రకం వరికి క్వింటాలుకు 2,300 రూపాయలుగా ప్రకటించిన కనీస మద్దతు ధరను గరిష్ఠ ధర శీర్షిక కింద ముద్రించడం మరో తప్పు. రైతు కుటుంబాల పిల్లలే ఎక్కువగా చదివే పుస్తకంలో ఇలా ఉండకూడదు.

కాబట్టి, పై తప్పులకు సవరణ పత్రాన్ని వెంటనే ముద్రించి, పుస్తకాలు అమ్మిన ప్రతి దుకాణానికి, కళాశాలకు ఉచితంగా పంపవలసిందిగా, అదే పత్రాన్ని మీ వెబ్‌సైట్‌లోనూ ఉంచవలసిందిగా కోరుతున్నాను. పుస్తకం వెనక్కి ఇవ్వదలచిన విద్యార్థికి పూర్తి సొమ్ము చెల్లించండి. తదుపరి ముద్రణకు ముందు ఈ రెండు పాఠాలను అర్థశాస్త్ర అధ్యాపకుల చేత తప్పనిసరిగా పరిశీలింపజేయండి. సవరించిన లెక్కలను, పటాలను ఈ లేఖకు జతచేశాను. పబ్లిక్ పరీక్షలకు ముందే మీ జవాబు రాతపూర్వకంగా అందజేయగలరు.

భవదీయుడు,
అర్థశాస్త్ర అధ్యాపకుడు